చేప దింపిన కేసు

మా ఊరి పేరు చెప్పను. రావులపాలెం నుంచి రామచంద్రపురం వైపు వెళ్ళే బస్సెక్కితే దారిలో వస్తుంది, అంతవరకే. పేరు చెబితే అది మా ఊరి గొడవ కదా అని మీరు ఊరుకుంటారు. అలాంటి పార్కు మీ ఊళ్ళోనూ ఉంది. అందులో చెరువూ ఉంది, దాన్ని వేలంలో పాడుకున్న కాంట్రాక్టరూ ఉన్నాడు.

నేను ఆ పార్కు ఊడ్చే మనిషిని. నా పేరు మాణిక్యాంబ. పర్మినెంటు కాదు, అవుట్‌సోర్సింగ్. పారిశుద్ధ్య కార్మికుల యూనియన్‌లో మెంబర్ని. తెల్లవారకుండానే వచ్చి, వాకింగుకొచ్చే పెద్దమనుషుల కాళ్ళ కింద ఎండుటాకు కనపడకుండా చూడటం నా పని. కాబట్టి ఆరోజు జరిగింది ఎవరో చెప్పగా విన్నది కాదు. చీపురు పట్టుకుని నిలబడి నా కళ్ళతో చూసింది.

శ్రావణమాసం. కొన్నాళ్ళుగా మబ్బు పట్టి ఉంది, ఆకు కదలడం లేదు. చెరువు వైపు చూస్తే నీటి మీద చినుకులు పడుతున్నట్టు కనిపించింది. చెయ్యి చాపి చూశాను, వాన లేదు. అవి చేపలు. బొచ్చెలు, శీలావతులు, చెరువు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నోళ్ళు పైకెత్తి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. మా వైపు దీన్ని చేప తేలడం అంటారు. చచ్చి తేలడం కాదు, చావబోయే ముందు తేలడం. నీళ్ళలో ఊపిరి అయిపోయినప్పుడు చేప పైకొస్తుంది. ఎండ ఎక్కేలోపు ఎవరైనా ఏదైనా చేస్తే బతుకుతుంది, లేకపోతే లేదు.

ఊపిరి ఎందుకు అయిపోయిందో చెప్పాలి. ఆ చెరువుకి పక్కనున్న పంట కాలవ నుంచి తూము ఉంది. చేపలు పట్టి బతికే జాలారిపేట వాళ్ళు ఆ తూముకి వెదురు తడిక కట్టేవాళ్ళు. నీరు వచ్చిపోయేది, చేప నిలిచేది. గుర్రపుడెక్క పెరిగితే వాళ్ళే లాగి గట్టున పోసేవాళ్ళు. వేసవిలో కాలవలు కట్టేస్తే వాళ్ళే దిగి తూము ముందు పూడిక తీసేవాళ్ళు. దానికి బదులుగా చెరువులో వల వేసుకునేవాళ్ళు. ఎవరూ రాసుకున్న ఒప్పందం కాదు, ఎవరూ కాదనని ఒప్పందం. అంతలో మున్సిపాలిటీకి సుందరీకరణ అనే జబ్బు చేసింది. పార్కుకి కంచె, కంచెకి గేటు, గేటుకి టిక్కెట్టు వచ్చాయి. చెరువుకి 'ఫిషింగ్ లేక్' అని బోర్డు వచ్చింది. గాలం అద్దెకిస్తారు, చేప పడితే ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. ఆకలి లేనివాడి వేట అది. జాలారిపేటకి మాత్రం వల నిషేధం.

కాంట్రాక్టరు ఉదయ్‌భాస్కర్. గాలం వేసినవాడికల్లా చేప తగలాలని చెరువు పట్టనంత చేపపిల్లని పోశాడు. కాలవ నీళ్ళతో బురదొస్తుందని, కస్టమర్లకి నచ్చదని తూము నోటికి అడ్డంగా ఇటుక గోడ కట్టించాడు. తను పెట్టిన ఫుడ్‌కోర్టు మురుగు మాత్రం చెరువులోకే వదిలాడు. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఉన్నాయి, లేకపోలేదు. సాయంత్రం వాటికి రంగు లైట్లు వేసి తిప్పుతారు. జనం వాటి ముందు సెల్ఫీలు దిగుతారు. పార్కు మూసేటప్పుడు కరెంటు దండగని ఆపేస్తారు. చేపకి గాలి కావలసింది తెల్లారగట్ల అని ఈ జిల్లాలో చేపల చెరువున్న ప్రతివాడికీ తెలుసు. ఉదయ్‌భాస్కర్‌కీ తెలుసు.

వాచ్‌మన్‌ని లేపాను. ఏరియేటర్ల గది తాళం సార్ దగ్గరుందన్నాడు. సార్ ఫోన్ ఎత్తలేదు. గట్టు పక్క రోడ్డు మీద జాలారిపేట వాళ్ళు మార్కెట్టుకి వెళ్తూ కనిపించారు. కంచె దగ్గరికెళ్ళి సత్యకుమారిని కేకేశాను. చేపల తట్ట నెత్తినుంది, పక్కన భర్త పల్లంరాజు సైకిలు తోస్తున్నాడు. చేప తేలిందన్నాను. అంతకన్నా ఒక్క ముక్క చెప్పాల్సిన పని లేకపోయింది. సైకిలు కింద పడేసి కంచె దూకాడు పల్లంరాజు. వెనకాల పేటవాళ్ళు మరికొంతమంది దూకారు. వలల్లేవు, సంచుల్లేవు. మొలలోతు నీళ్ళలోకి దిగి అరచేతులతో, అరటి బోదెలతో నీటిని బాదారు. బాదితే నీటికి గాలి పడుతుంది. ఆడవాళ్ళు సత్తు తట్టలు ఖాళీ చేసి నీళ్ళెత్తి ఎత్తునుంచి పోశారు. చేతులు వాచేదాకా కొట్టారు. ఎవరి చేప అని ఒక్కరూ అడగలేదు. తమకి వల వెయ్యొద్దన్నవాడి చేప అని గుర్తొచ్చినట్టు కూడా లేదు.

మెల్లిగా ఒక్కొక్క నోరూ నీళ్ళలోకి వెళ్ళింది. చెరువు మళ్ళీ నునుపుగా అయింది. నాకు ఏడుపొచ్చింది. వాకింగ్ చేస్తున్న గోపాలకృష్ణమూర్తిగారు, కాలేజీ లెక్చరర్‌గా రిటైరయ్యారు, వాకర్స్ అసోసియేషన్‌కి ప్రెసిడెంటు, ఫోన్‌లో వీడియో తీస్తూ ఏం జరిగిందని అడిగారు. నీళ్ళు కారుతూ గట్టెక్కిన పల్లంరాజు నవ్వుతూ చెప్పాడు.

"తేలిందంతా దింపేశామండి. ఒక్కటి కూడా పైన మిగల్లేదు ఆయ్."

ఆ మాటే వాళ్ళ మెడకి చుట్టుకుంది.

తేలిన చేపని మళ్ళీ అడుక్కి పంపడాన్ని పేటలో దింపడం అంటారు. జ్వరం దిగినట్టు, చేప దిగింది అంటారు. మూర్తిగారికి ఆ సంగతి తెలియదు. దింపడమంటే ఆయనకి లారీలోంచి సరుకు దింపడమే. 'మన పార్కులో పరిస్థితి ఇదీ' అని ఆ వీడియో వాకర్స్ గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నానికి అది ఊరంతా తిరిగింది. ఉదయ్‌భాస్కర్ మనుషులు దాని మీద 'చేపల దొంగలు, లోడు దింపేశామని ఒప్పుకోలు' అని అక్షరాలు వేశారు. సాయంత్రానికి పల్లంరాజు స్టేషన్‌లో ఉన్నాడు.

సత్యకుమారితో నేనూ వెళ్ళాను, చూసినదాన్ని కాబట్టి. ఎస్సై వీడియో చూపించి ఎక్కడ దింపావని అడిగాడు. అడుక్కండి అన్నాడు పల్లంరాజు. ఏ అడుక్కి, ఎవరి కొట్టుకి, వ్యాను ఎవరిది అని ఎస్సై. చెరువు అడుక్కండి అని పల్లంరాజు. వెటకారమా అని చెయ్యెత్తాడు ఎస్సై. నేను చెప్పబోతే నువ్వు మున్సిపాలిటీ మనిషివా, కాంట్రాక్టరు మనిషివా అని అడిగాడు. చేప తేలడం గురించి ఆయనకి తెలియకపోలేదు, ఆయనదీ ఈ జిల్లాయే. తెలుసుకోవాలని లేదు. మనిషి చెప్పే మాటకి అర్థం ఏంటో తేల్చేది ఆ మనిషి కాదు, కుర్చీలో ఉన్నవాడు. మిత్రులారా, ఈ రాజ్యం గురించి చదువుకోవాలంటే పెద్ద పుస్తకాలే అక్కర్లేదు, ఆ కాసేపు ఆ స్టేషన్‌లో నిలబడితే చాలు.

మర్నాడు బెయిలిచ్చారు. పార్కులో కాలు పెడితే ఈసారి జైలే అన్నారు. పల్లంరాజు ఇంటికొచ్చాడు. దొంగ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ పడలేదు అంతవరకూ. మార్కెట్లో సత్యకుమారి దగ్గర బేరమాడేవాళ్ళు పార్కు చేపలేనా అని నవ్వుతున్నారు. ఆ నవ్వు తనని కొరికేస్తోందని నాతో చెప్పింది.

మబ్బు విడవలేదు. ఏరియేటర్లు మళ్ళీ సాయంత్రాలే తిరిగాయి. తూము తెరవమని యూనియన్ తరఫున, పేట తరఫున కమిషనర్‌గారికి అర్జీ పెట్టాం. పరిశీలిస్తామన్నారు. చెరువు పచ్చగా, జిగురుగా మారింది. రేపో ఎల్లుండో మళ్ళీ తేలుతుందని అందరికీ అర్థమైంది. వలలు కట్టుకునే పాకలో ఆ సాయంత్రం మీటింగ్ పెట్టారు. మా యూనియన్ వాళ్ళం కూడా వెళ్ళాం.

మొదట లేచింది నాగదుర్గ, సత్యకుమారి కూతురు. డిగ్రీ చదువుతోంది, విద్యార్థి సంఘంలో తిరుగుతోంది. ఈసారి ఎవరూ దిగొద్దంది.

"మనం చేపని బతికించి వాడి తప్పుని కప్పెట్టాం. మనకేం దక్కింది? నాన్నకి దొంగ పేరు. తేలితే తేలనివ్వండి, చస్తే చావనివ్వండి. ఊరంతా కంపు కొడితే అప్పుడు తెలుస్తుంది చెరువుని ఎవరు చంపారో."

పాకలో చాలామంది తలలూపారు. దాచడం దేనికి, నేనూ ఊపాను. ఆ పిల్ల మాటలో న్యాయం ఉంది. శత్రువు ఇంటికి నిప్పంటుకుంటే నీళ్ళు మోయడం మన పనా అని మా యూనియన్ వాళ్ళూ అన్నారు. ముసలివాళ్ళు మాత్రం గొణిగారు. చూస్తూ చూస్తూ ఎలా ఊరుకుంటామన్నారు. ఊరుకోవడం నేర్చుకోవాలి తాతా అని కుర్రాళ్ళు గట్టిగానే చెప్పారు.

గొడవ అలా నడుస్తుండగా గోపాలకృష్ణమూర్తిగారు పాక గుమ్మంలో కనిపించారు. ఎవరూ కూర్చోమనలేదు. ఆయన నిలబడే మాట్లాడారు. 'దింపేశాం' అన్న మాట తనకి అర్థం కాలేదనీ, ఆలస్యంగా తెలిసిందనీ, గ్రూపులో తప్పు ఒప్పుకుంటూ రాశాననీ అన్నారు. సత్యకుమారి ఆయన వైపు తిరిగింది.

"అర్థం కాకపోతే అడగాలి కదండీ మూర్తిగారూ. మేం అక్కడే ఉన్నాం కదా, మీ ఎదురుగా."

ఆయన తల దించుకున్నారు. తర్వాత ఇంకో సంగతి చెప్పారు. మున్సిపల్ ఆఫీసులో విన్నారట. చెరువు పనికిరాకుండా పోతే పూడ్చేసి కన్వెన్షన్ హాలు కట్టే ఆలోచన నడుస్తోంది. ఆ హాలు కాంట్రాక్టు కూడా ఉదయ్‌భాస్కర్‌కే.

ఏరియేటర్లు ఎందుకు తిరగవో, గోడ ఎందుకు కట్టాడో, మురుగు ఎందుకు వదిలాడో అందరికీ ఒక్కసారిగా తెలిసొచ్చింది. వాడికి చేపని బతికించుకోవడం చేతకాక కాదు. చావనిస్తున్నాడు. చచ్చిన చేపల ఫొటోలు మనకంటే ముందు వాడే తీయిస్తాడు, ఇదిగో చెరువు కుళ్ళిపోయింది, మట్టి పొయ్యండి అంటాడు. మేం చెయ్యబోయిన పనే వాడు కోరుకుంటున్నాడు. నాగదుర్గ ముఖం చూశాను. పిల్ల పళ్ళు బిగించింది కానీ వాదించలేదు.

"అయితే దిగుదాం," అంది సత్యకుమారి. "దొంగతనంగా కంచె దూకి కాదు. గేటులోంచి, అందరూ చూస్తుండగా. చేప దింపుతాం. ఆ గోడా తీసేస్తాం. నీళ్ళొస్తే చెరువు బతుకుద్ది, చెరువుంటే మనం ఉంటాం."

గోడ తీస్తే కేసులన్నారు ఎవరో. ఇప్పుడు లేవా అని అడిగింది నాగదుర్గ. పల్లంరాజు మాత్రం రాకూడదని అందరూ గట్టిగా అనుకున్నారు. అతను మూలన కూర్చుని వల దారం చుట్టుకుంటున్నాడు.

మీటింగ్ అయిన రెండో తెల్లవారుజామున మళ్ళీ తేలింది. ఈసారి చినుకుల్లా లేదు, చెరువంతా ఉడుకుతున్నట్టు ఉంది. నేను ఫోన్ చేశాను. మేం పనిముట్లు పెట్టుకునే గది తాళం నా దగ్గరే ఉంటుంది. మొక్కల గుంతలకి వాడే గునపం తీసి తూము గోడకి ఆనించి వచ్చాను. నా ఉద్యోగం ఆ గోడకి ఆనించి వచ్చినట్టే అనిపించింది.

జాలారిపేట కదిలి వచ్చింది. మార్కెట్ కూలీలు, మా చీపుళ్ళవాళ్ళు, నాగదుర్గ కాలేజీ పిల్లలు వెనకాలే ఉన్నారు. వాచ్‌మన్ గేటు మూయబోయాడు. మూర్తిగారు గేటు రెక్కకి వీపు ఆనించి నిలబడ్డారు. ఇది పబ్లిక్ పార్కు, ప్రెసిడెంటుగా చెబుతున్నాను, తెరిచే ఉంచు అన్నారు. వాకర్స్‌లో కొందరు తిట్టుకుంటూ వెనక్కి పోయారు. కొందరు ఆయన పక్కన నిలబడ్డారు. పేటవాళ్ళు రెండు చేతులూ పైకెత్తి, వలల్లేవని, సంచుల్లేవని అందరికీ చూపించి మరీ నీళ్ళలోకి దిగారు.

ఆ చప్పుడు మీరు వినాలి. అన్ని చేతులు ఒకేసారి నీటిని బాదితే ఊరు లేస్తుంది. చుట్టుపక్కల మేడల మీదికి జనం వచ్చారు. ఫోన్లు బయటికొచ్చాయి. ఈసారి మాట అర్థం కాలేదనే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. ఏం చేస్తున్నారని అడిగిన ప్రతివాడికీ కాలేజీ పిల్లలు గట్టున నిలబడి చెప్పారు. చేప తేలిందండీ, దింపుతున్నాం, గాలి చక్రాలు ఆపేశారు, తూముకి గోడ కట్టారు, అదిగో చూడండి అని.

ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. వెనకాల పోలీసు వ్యాను వచ్చింది. నా చేప, నా చెరువు, బయటికి రండి అని అరిచాడు. నీదైతే నువ్వూ దిగరా, కొట్టు అని నీళ్ళలోంచి ఒక ముసలామె పిలిచింది. జనం నవ్వారు. వాడి ముఖం ఎర్రబడింది. ఎస్సై మైకులో అందరూ గట్టెక్కాలని, లేకపోతే అరెస్టు చేస్తామని చెప్పాడు. తూము తెరిస్తే ఎక్కుతామని సత్యకుమారి బదులిచ్చింది. కానిస్టేబుళ్ళు బూట్లు చూసుకున్నారు, నీళ్ళు చూసుకున్నారు. ఒక్కరూ దిగలేదు.

కానీ చేతులు అలిసిపోతున్నాయి. చేప చాలా ఉంది, నీళ్ళు మరీ చచ్చిపోయి ఉన్నాయి. ఒకచోట దిగిన చేప ఇంకోచోట తేలుతోంది. అప్పుడే గట్టు ఆ చివర, తూము దగ్గర, ఇనుము ఇటుకకి తగిలిన చప్పుడు వినబడింది.

పల్లంరాజు. కాలవ వైపు నుంచి ఎప్పుడు వచ్చాడో, పార్కులో కాలు పెట్టాడు. గునపం ఎత్తి గోడ మీద వేస్తున్నాడు. ఎస్సై పరిగెత్తాడు. చేతులు వెనక్కి విరిచారు. పల్లంరాజు గింజుకోలేదు.

"ఇప్పుడు రాసుకోండి సార్. ఈసారి నేనే చేశాను, నేనే చెబుతున్నాను. గోడ పగలగొట్టాను."

అతన్ని వ్యానెక్కించారు. గునపం కింద పడి ఉంది. సత్యకుమారి నీళ్ళలోంచి లేచి వచ్చింది. తడిచీర బొడ్లో దోపి, భర్తని ఎక్కించిన వ్యాను వైపు ఒక్కసారి చూసి, గునపం అందుకుంది. రెండు దెబ్బలకి ఇటుక పెచ్చు లేచింది. ఆమెనీ లాక్కెళ్ళారు. నాగదుర్గ అందుకుంది. చావనివ్వండి అన్న పిల్ల, ఏడుస్తూ కొట్టింది. మగ కానిస్టేబుల్ చెయ్యి వేస్తే ఆడపోలీసుని పిలవమంది. ఆడపోలీసు వచ్చేదాకా ఆపకుండా కొట్టింది. గోడ మధ్యలో చెమ్మ కనిపించింది. అవతల కాలవ నిండుగా ఉంది.

తర్వాత గునపం పక్కన నేనున్నాను. గట్టు మీద మా సూపర్‌వైజరు నిలబడ్డాడు. మాణిక్యం, వెళ్ళి ఊడ్చుకో, ఈ నెలతో పోతావు అన్నాడు. ఇంట్లో పొయ్యి నా జీతం మీదే వెలుగుతుంది. ఆ మాట తలలో తిరిగింది. అయినా వంగాను. ఆ ఇనుము ఎంత బరువో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళు మొక్కలకి గుంతలు తవ్వినప్పుడు తెలియలేదు. ఎత్తి వేశాను. మళ్ళీ వేశాను. ఇటుకల సందులోంచి సన్నటి ధార నా పాదాల మీద పడింది. చల్లగా ఉంది, బురదగా ఉంది. ధవళేశ్వరం నుంచి వచ్చిన గోదారి నీళ్ళు. నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. నేను గునపం కింద పడెయ్యలేదు. ఎవరికి ఇవ్వాలా అని చూశాను.

ఎదురుగా గోపాలకృష్ణమూర్తిగారు ఉన్నారు. గేటు వదిలి ఎప్పుడొచ్చారో, వాకింగు బూట్లతో బురదలో నిలబడ్డారు. చెయ్యి చాపారు. ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకున్నారు. జన్మలో ఎప్పుడూ పట్టినట్టు లేదు. ఆయన వెనకాల మా చీపుళ్ళవాళ్ళు, మార్కెట్ కూలీలు, కాలేజీ పిల్లలు ఒకరి వెనక ఒకరు గట్టు పొడుగునా నిలబడి ఉన్నారు. చెరువులో చేతులు ఇంకా నీటిని బాదుతూనే ఉన్నాయి. వ్యాను నిండిపోయింది, మమ్మల్ని కుక్కి తలుపు వేస్తున్నారు.

"మాణిక్యమ్మా," అని పిలిచారు మూర్తిగారు. "ఎక్కడ కొట్టాలమ్మా?"

తలుపు పడేలోగా చెప్పాను.

"నీళ్ళు కారుతున్నచోటే కొట్టండి."